అనుభవ రాహిత్య ధ్రువపత్రం

ఆదివారం సభలోగా పూర్తి కావలసిన పనులు:

శాలువా ఇస్త్రీ చేయించడం. పాత నాయకుడి ఇంటి నుంచి జ్ఞాపిక తెచ్చి తుడిపించడం. ఫ్లెక్సీ మీద కొత్త పేరు అతికించడం, కింద పాత పేరు కనబడకుండా. గజిటెడ్ అధికారి చేత ధ్రువపత్రం మీద సంతకం పెట్టించడం. గత నాయకులు పెరిగారు కనుక అదనపు కుర్చీలు అద్దెకు తేవడం, హాలులో పట్టనివి వరండాలో వేయడం. మైకు. పూలగుత్తి. మజ్జిగ. వందన సమర్పణ రాసుకోవడం. వీలుంటే, అంకెల లోపం సరిచేయించడం.

చివరి పనిని చివర పెట్టింది నేను కాదు. కమిటీ ఆమోదించిన క్రమం అది. నేను కార్యదర్శిని మాత్రమే.

నా పేరు పెంకే నూకరత్నం. మా నాన్న కాకినాడ రేవులో ఐసు దిమ్మలు మోసేవాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. అందుకని నిబంధన అన్నది ఎక్కడ అచ్చులో కనబడినా నిలబడి చివరిదాకా చదువుతాను. చదువుకున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఏ నిబంధన వదిలేయవచ్చో చిన్నప్పుడే తెలుస్తుందట. మాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

మాది 'పలుకు' అనే సాఫ్ట్‌వేర్ బృందం. ఫోనులో ఉన్న తెలుగు అక్షరాలను పలుకు పైకి చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్ళు దానితోనే పుస్తకాలు చదువుతారు, ఉత్తరాలు వింటారు, బస్సు టికెట్లు కొంటారు. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరూ డబ్బు తీసుకోరు. దాని కోడ్ అందరికీ కనబడేలా పెట్టి ఉంటుంది. తెలిసినవాళ్ళు ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. వచ్చిన మార్పును నాయకుడు చూసి, సరే అనుకుంటే ముద్ర వేసి విడుదల చేస్తాడు. ఆ ముద్ర వేసే తాళం ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. ముద్ర లేని మార్పును ఫోన్లు ఒప్పుకోవు.

దీన్ని మొదలుపెట్టింది కంచర్ల మార్కండేయులు గారు. సామర్లకోటలో విద్యుత్ శాఖ గుమాస్తా. ఆదివారాలు, పండగ సెలవులు అన్నీ దీనికే పోశారు. ఆయన మంచివాడని నేను అనను. కుర్రవాళ్ళు ఎవరైనా ఉత్సాహపడి మార్పు పంపితే, "ఇది కోడా అండి, పాచిపోయిన ఉప్మానా? వాసన ఇక్కడిదాకా వస్తోంది" అని జవాబు రాసేవారు. ఆ కుర్రవాళ్ళు మళ్ళీ వచ్చేవారు కాదు. ఏళ్ళ తరబడి ఆయనే నాయకుడు, ఆయనే బృందం. కనుక నాయకులు మారుతూ ఉండాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు మొదట చెయ్యెత్తింది నేనే. ఇప్పటికీ అది తప్పని అనుకోను.

ప్రతిపాదన తెచ్చింది హైదరాబాదులోని ఒక ధర్మనిధి. సర్వర్ అద్దె వాళ్ళు కడతారు, బదులుగా మేము వాళ్ళ సలహాదారు మాట వినాలి. ఆ సలహాదారు ఆలపాటి విహారి గారు. నెలకోసారి రైల్లో వచ్చి, పాలిటెక్నిక్ ఎదురుగా ఉన్న కల్యాణ మండపం చిన్న హాలులో మాతో సమావేశమయ్యేవారు.

"మిత్రులారా, స్థిర నాయకత్వం సంస్థాగత ఆరోగ్యానికి అంతర్గత అవరోధం. పరిభ్రమణమే పరిణతి," అన్నారు మొదటి రోజే. మేము రాసుకున్నాం.

మూడేళ్ళ పదవీకాలం అని తీర్మానించాం. మార్కండేయులు గారు గొణుక్కుంటూనే దిగిపోయారు. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే ప్రసూన మేడమ్ నాయకురాలయ్యారు. ఆవిడ అందరినీ పేరు పెట్టి పిలిచి, తప్పు చేస్తే కూర్చోబెట్టి చెప్పేవారు. వెళ్ళిపోయిన కుర్రవాళ్ళు తిరిగొచ్చారు. పలుకు గొంతు కూడా మెత్తబడింది. అక్కడ ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

కాని విహారి గారి దగ్గర ఒక సూచిక ఉంది. సంస్థాగత పరిపక్వతా సూచిక. పదవీకాలం మూడేళ్ళయితే దానిలో వందకు నలభై మార్కులే. ఏడాదికి తగ్గిస్తే అరవై. ఆరు నెలలకు తగ్గిస్తే డెబ్భై.

"నెల పెడితేనండి?" అని అడిగాను. మార్కుల మాటొస్తే నాకు ఆగదు.

"ఎనభై," అన్నారాయన తృప్తిగా.

నెల పెట్టాం. ప్రసూన మేడమ్ దిగిపోయారు. తర్వాత వచ్చిన కుర్రవాడు ఒక చిక్కు వచ్చి ఆవిడకు ఫోన్ చేశాడు. ఆవిడకూ తెలియక మార్కండేయులు గారికి చేశారు. ఆయన తిట్టి, చెప్పారు. చిక్కు విడిపోయింది. ఈ సంగతి సమావేశంలో సంతోషంగా చెప్పుకుంటే విహారి గారి ముఖం మాడిపోయింది.

"ఇది చాలా సున్నితమైన విషయం. దీన్ని మేము అనుభవ కాలుష్యం అంటాం. గత నాయకుడి అనుభవం ప్రస్తుత నాయకుడిలోకి ఊటలాగా దిగుతోంది. పైకి పరిభ్రమణం, లోపల పాత నీరే."

దాంతో పద్నాలుగో నిబంధన వచ్చింది: గత నాయకులు పలుకు కోడ్ ఉన్న యంత్రాన్ని తాకరాదు, తెరను చూడరాదు. సమావేశాలకు రావచ్చు, కాని వెనుక వరుసలో కూర్చోవాలి. గౌరవంగా ఆ వరుసకు తెల్లగుడ్డ పరిచాం.

నాయకుడు నెలకొకరు చొప్పున మారుతుంటే ఏమవుతుందో బి.కాం చదివిన నాకు లెక్క తెలియాల్సింది. కోడ్ వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరుగా తెల్లగుడ్డ మీదికి వెళ్ళిపోయారు. వరుస పెరిగింది. ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"ఇక కోడ్ వచ్చినవాళ్ళు మిగల్లేదండి," అని నివేదించాను.

"అద్భుతం," అన్నారు విహారి గారు. "ఇప్పుడు నిజమైన తాజాదనం మొదలవుతుంది."

అలా పుట్టింది అనుభవ రాహిత్య ధ్రువపత్రం. నాయకత్వానికి నిలబడే వ్యక్తికి పలుకు గురించి గాని, దానికి సంబంధించిన ఏ విద్య గురించి గాని ఏమీ తెలియదని గజిటెడ్ అధికారి సంతకం చేయాలి. మాకు దగ్గరలో దొరికింది పశువుల ఆసుపత్రి డాక్టరు గారు.

"ఈయనకేం తెలీదని నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారాయన మొదటిసారి.

"కాసేపు మాట్లాడి చూడండి సార్."

మాట్లాడి, సంతకం పెట్టారు. "పర్లేదే, పనికొచ్చే కాగితమే. మా శాఖలో పైవాళ్ళకి కూడా ఇవ్వచ్చు," అని ఇంకో నాలుగు ఖాళీ కాగితాలు అడిగి ఉంచుకున్నారు.

ఆ ధ్రువపత్రంతో నాయకులైనవాళ్ళలో మండపం పక్కన టీ కొట్టు కామరాజు ఒకడు. అప్పటికి పదవీకాలం వారానికి దిగింది. పాపం, నెమ్మదైన మనిషి. శాలువా కప్పించుకున్నాడు, దండం పెట్టాడు. మూడో రోజున నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "ఏవండీ, ఇంతకీ ఇదేం పన్చేస్తదండి?"

నేను నిజం చెప్పే మనిషిని. ఈ ప్రశ్న వచ్చిందని సమావేశంలో చెప్పాను. జిజ్ఞాస కలిగినట్టు నిర్ధారణ కావడంతో కామరాజును వెంటనే దించారు. ఆ రోజు నుంచి నాకు టీ ఇచ్చేటప్పుడు గ్లాసు కాస్త గట్టిగా పెడతాడు.

పదవి మారినప్పుడల్లా సన్మానం. అది మా వైపు ఆచారం. వచ్చినవాడికీ శాలువా, పోయినవాడికీ శాలువా. పెన్‌డ్రైవ్‌ను జేబులోంచి జేబులోకి మార్చడం మర్యాదగా లేదని ఉపసంఘం ఒకటి అభిప్రాయపడింది. తాళం బదిలీ బహిరంగంగా, గౌరవప్రదంగా జరగాలి. అందుకని జ్ఞాపికల దుకాణంలో ఇచ్చి, ముఖమల్ గుడ్డ మీద పెన్‌డ్రైవ్‌ను నిలబెట్టి, చుట్టూ గాజుపెట్టె బిగింపించారు. కింద బంగారు రంగులో 'నాయకత్వ తాళం' అని రాయించారు. ఊడిపోకుండా దుకాణదారు జిగురు బాగా దట్టించాడు. చాలా బాగుందని అందరూ అన్నారు. నాయకులు వరసగా దాన్ని ఇంటికి తీసుకెళ్ళి టీవీ పక్కన పెట్టుకున్నారు. దాన్ని కంప్యూటర్‌కు ఎలా పెడతారని ఎవరూ అడగలేదు. ఎవరికీ ఏమీ తెలియదు కదా.

ఇలా ఉండగా ఫోన్లలో ఏదో మార్పు వచ్చింది. ఆ మర్నాడు ఎస్తేరు నాకు ఫోన్ చేసింది.

గంటి ఎస్తేరు జగన్నాథపురం పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. పలుకు మాట తప్పుగా పలికితే బృందానికి కబురు చేసే వాడుకరుల్లో అందరికంటే ముందుండేది. అలా పరిచయం. డిగ్రీ అయింది, బ్యాంకు గుమాస్తా పరీక్షకు చదువుతోంది. పరీక్షలో ప్రశ్నలు చదివిపెట్టే మనిషిని ఇస్తారు. ఇంట్లో సాధన చేయడానికి మాత్రం పలుకే దిక్కు. వాళ్ళమ్మకు చదువు రాదు.

"అక్కా, మీ పలుకు మౌనవ్రతం ఏటన్నా పట్టిందా?"

"ఏమైంది?"

"విను మరి." ఫోన్‌ను ఇంకో ఫోన్ దగ్గర పెట్టింది. పలుకు చదువుతోంది: ఒక వ్యాపారి ఒక కుర్చీని, రూపాయలకు కొని, రూపాయలకు అమ్మాడు. లాభ శాతమెంత?



"అంకె వస్తే చాలు మింగేస్తంది," అంది ఎస్తేరు. "ఆ వ్యాపారికి లాభమొచ్చిందో, కొంప మునిగిందో నాకెలా తెలుస్తాది చెప్పు? నిన్న బస్సు నంబరు కూడా చెప్పలేదు. పిఠాపురం ఎల్లిపోయాను."

"పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే నెల మొదటి ఆదివారం. నాకిదే ఆఖరి ఛాన్సక్కా, వయసు దాటిపోతంది. తొందరగా చేయించవా?"

చేయిస్తానన్నాను. కార్యదర్శి మాట ఇస్తే సంస్థ ఇచ్చినట్టే అని నా నమ్మకం.

మార్కండేయులు గారికి ఫోన్ చేశాను. కాలుష్యం అంటకుండా, ఊరికే కుశలం అడిగినట్టు సంగతి చెప్పాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ఫోన్లవాళ్ళు అంకెల పద్ధతి మార్చారు. ఒక్క లైను సరిచేస్తే పోద్ది. నన్ను కూర్చోనిస్తే టీ చల్లారే లోపు చేస్తాను."

"మీరు తాకకూడదండి."

"మరైతే మీ విహారినే తాకమనమ్మా."

అత్యవసర సమావేశం పెట్టాం. ప్రసూన మేడమ్ తెల్లగుడ్డ మీద నుంచే లేచి, ఈ ఒక్కసారికి నిబంధన సడలించమని అడిగారు. వేరే పేరుతో కొత్త పలుకు పెట్టేద్దామని ఒక కుర్రవాడు అన్నాడు. "వేరు కుంపటి పెట్టొచ్చు నాయనా," అన్నారు మేడమ్, "ఇప్పుడున్న ఫోన్లన్నిటిలో పాతది తీసి కొత్తది ఎవరు వేస్తారు? వాడేవాళ్ళకి తెర కనబడదు."

విహారి గారు అంతా ఓపికగా విన్నారు. "లోపం తాత్కాలికం. నిబంధన శాశ్వతం. తెలిసినవాడే సరిచేయాలనుకోవడం వ్యక్తిపూజకు మొదటి మెట్టు. సరైన పరిభ్రమణం జరిగితే లోపాలు వాటంతట అవే పరిపక్వత చెందుతాయి." తర్వాత సూచిక తీశారు. మాకు తొంభై ఎనిమిది వచ్చింది. వందకు వంద రావాలంటే పదవీకాలం సన్మానసభకే పరిమితం కావాలి. శాలువా కప్పడంతో మొదలై, వందన సమర్పణ ముగియడంతో అయిపోవాలి.

ఏకగ్రీవంగా ఆమోదించాం. వందకు వంద అంటే నేను కూడా చెయ్యెత్తాను. ఎత్తాక ఎస్తేరు గుర్తొచ్చింది.

ఇప్పుడు తర్వాతి నాయకుడు ఎవరు? మాకు తెలిసిన మనుషులంతా అయిపోయారు. కామరాజు బావమరిది, పశువుల డాక్టరు గారు, మండపం వాచ్‌మన్, అందరూ గత నాయకులే. నేను పనికిరాను. మినిట్స్ రాసి రాసి మొదటి నుంచీ కలుషితం. జాబితాలు తిరగేస్తున్న విహారి గారితో అన్నాను:

"సార్, వాడేవాళ్ళలోంచి తీసుకోవచ్చేమోనండి."

"ఏం వాడేవాళ్ళు?"

"పలుకు వాడేవాళ్ళండి."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "వాళ్ళను మనం ఇంతవరకు లెక్కలోకి తీసుకోలేదే," అన్నారు. నిబంధనలన్నీ వెతికారు. వాడుకరి అన్న మాటే ఎక్కడా లేదు. లేనిదాన్ని నిషేధించలేరు కదా.

ఎస్తేరును ఆయనే స్వయంగా పరీక్షించారు.

"అమ్మా, పలుకు కోడ్‌ను మీరెప్పుడైనా చూశారా?"

"నేనేదీ చూడలేదండి."

"దాన్ని ఎలా తయారుచేస్తారో తెలుసా?"

"మాట్లాడకుండా ఎలా చేస్తారో ఈ మధ్యే తెల్సిందండి."

రెండో జవాబు ఆయనకు అర్థం కాలేదు. అర్హత ఇచ్చేశారు. గేటు దాటాక ఎస్తేరు నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, ఆ వందన సమర్పణ చేసేదెవరు?" అని అడిగింది.

"నేనే."

"పెద్దదిగా రాసుకో," అంది.

ఆదివారం ఉదయం హాలు నిండింది. అంతా గత నాయకులే. తెల్లగుడ్డ వేదిక మెట్ల దగ్గర మొదలై, హాలంతా పాకి, గుమ్మం దాటి వరండాలోకి పోయింది. చివరి కుర్చీలో, వరండా స్తంభం పక్కన, మార్కండేయులు గారు. మొదట దిగినవాడు కనుక అందరికంటే దూరం ఆయనదే. వేదిక మీద విహారి గారు, ఎస్తేరు, నేను. ఎస్తేరు తన ఫోను, తమ్ముడి ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. తెర గోడ వైపు తిప్పి పెట్టింది. అంధుల పాఠశాలలో టైపు నేర్చుకుంది, కీబోర్డు మీద వేళ్ళు నీళ్ళలా తిరుగుతాయి.

విహారి గారు శాలువా కప్పారు. జ్ఞాపిక చేతిలో పెట్టారు. చప్పట్లు కొట్టాం. ఎస్తేరు దాన్ని తడిమి, గాజు ఎక్కడుందో చూసుకుని, బల్ల అంచు మీదికి జారవిడిచింది.

"అయ్యో, కనబళ్ళేదండి," అంది.

గాజు బీటవారింది గాని ఊడలేదు. మొదటిసారి జారిందంటే నమ్మవచ్చు. రెండోసారి కూడా జారింది. ఈసారి కాస్త పై నుంచి జారింది. ముఖమల్ గుడ్డతో సహా పెన్‌డ్రైవ్‌ను పీకి, జిగురు గోటితో గీరి, ల్యాప్‌టాప్‌కు పెట్టింది.

"కార్యదర్శి గారూ, వందన సమర్పణ," అన్నారు విహారి గారు హడావిడిగా. పదవీకాలం ముగించేయాలని ఆయన తొందర.

నేను మైకు ముందుకు వెళ్ళాను. మా వైపు వందన సమర్పణలో ఒక పద్ధతి ఉంది. ఎవరి పేరు చెబితే వాళ్ళు లేచి, సభకు నమస్కారం పెట్టి కూర్చోవాలి. మధ్యలో అడ్డు తగలడం అమర్యాద. నాయకురాలికి కృతజ్ఞతలు చిట్టచివర చెప్పాలి. ఆ మాట పడిందంటే సభ అయిపోయినట్టే.

"ముందుగా, ఈ సభకు వన్నె తెచ్చిన శ్రీ ఆలపాటి విహారి గారికి," అన్నాను. ఆయన లేచి నమస్కారం పెట్టారు.

వరండాలో మార్కండేయులు గారు సరిచేయాల్సిన లైనులో మొదటి మాట చెప్పడం పెదవుల కదలికలో కనబడింది. మైకు మోతలో ఆ మాట వేదికకు చేరే దారి లేదు. కాని పక్కనున్న ప్రసూన మేడమ్ విన్నారు. తన ముందువాడి చెవిలో వేశారు. అతను తన ముందువాడికి. తెల్లగుడ్డ వెంబడి మాట ఒక్కో నోరు మారుతూ హాలులోకి నడిచి వచ్చింది. ఇన్నాళ్ళకు గత నాయకులంతా ఒక పనికి వచ్చారు. మెట్ల దగ్గర మజ్జిగ గ్లాసులు అందిస్తున్న కామరాజు దాన్ని ఎస్తేరుకు అందించాడు.

"బ్రాకెట్టు అంటున్నారమ్మా. అంటే ఏంటో నాకు తెలీదు. తెలీకుండానే చెప్తన్నాను, రాసుకో."

"ఇది నిబంధనల స్ఫూర్తికి..." అంటూ విహారి గారు ముందుకు వంగారు.

"ఇంత చక్కటి నిబంధనలు రాసిచ్చిన విహారి గారికి," అన్నాను మైకులో. ఆయన లేచి నమస్కారం పెట్టాల్సి వచ్చింది. "పద్నాలుగో నిబంధనలో తాకరాదు, చూడరాదు అని మాత్రమే రాసినందుకు మరొక్కసారి." మళ్ళీ లేచారు.

తర్వాత మైకు సెట్టు అబ్బాయికి చెప్పాను. కుర్చీలవాళ్ళకు, మజ్జిగ చిలికినావిడకు, ఆ మజ్జిగలో కరివేపాకు దూసినవాళ్ళకు చెప్పాను. మండపం కట్టించిన దాతకు, వారి తండ్రిగారికి, ఉదయం నుంచి కరెంటు తీయనందుకు విద్యుత్ శాఖకు చెప్పాను. అంతదూరం నుంచి మార్కండేయులు గారు చెయ్యి విసిరి, ఇంకా కానివ్వమన్నట్టు సైగ చేశారు. విహారి గారిని తీసుకొచ్చిన రైలుకు చెప్పాను. ఆయన సగం లేచి, నమస్కారం పెట్టాలో వద్దో తెలియక ఆగారు.

"చుక్క కాదంట, కామా అంట," అన్నాడు కామరాజు. "పెద్దాయన తిడతన్నారు. తిట్టు కూడా వరసలో వచ్చింది, చెప్పమంటావా?"

"తిట్టు వద్దులే బాబాయ్," అంది ఎస్తేరు, వేళ్ళు ఆపకుండా.

రాసినదాన్ని ఫోనుకు పంపి పలుకు చేత తిరిగి చదివించుకుంది. అంకె ఉన్న చోట పలుకు మూగపోయింది. తాను కొట్టింది సరో కాదో వినే దారి లేదు. అక్కడ ఒక్క క్షణం ఆమె వేళ్ళు ఆగాయి. కోడ్ తెలిసినవాళ్ళెవరూ తెర చూడకూడదు. నాకు చూసినా తెలియదు. నా దగ్గర పేర్లు అయిపోవస్తున్నాయి.

ఎస్తేరు ఊపిరి పీల్చి, ముద్ర వేసింది.

నేను కాకినాడ నగరపాలక సంస్థకు, దోమల మందు కొట్టినవాళ్ళకు, ఐసు దిమ్మలు మోసి నన్ను చదివించిన మా నాన్నకు కృతజ్ఞతలు చెప్పాను. ఆ తర్వాత నోరు ఎండిపోయింది. ఇక మిగిలింది ఒక్క పేరే. అది చెబితే అయిపోతుంది.

అప్పుడు బల్ల మీద, మార్పు అందుకున్న ఎస్తేరు ఫోను మాట్లాడింది.

"ఒక వ్యాపారి ఒక కుర్చీని నాలుగు వందల రూపాయలకు కొని, ఐదు వందల రూపాయలకు అమ్మాడు. లాభ శాతమెంత?"

"పాతిక," అంది ఎస్తేరు. "ఈ మాత్రం దానికా, ఇన్నాళ్ళు ఏడిపించాడు."

హాలు లేచింది. వరండాలో మార్కండేయులు గారు ముఖం స్తంభం వైపు తిప్పుకున్నారు. చప్పట్ల మధ్య విహారి గారు మైకు లాక్కుని సభ ముగిసిందని ప్రకటించారు.

నెల తిరక్కుండానే నివేదిక వచ్చింది. పదవిలో ఉండగా పని చేసినందుకు ఎస్తేరును శాశ్వతంగా అనర్హురాలిని చేశారు. ఆమె ప్రభావం మిగలకుండా బృందం పుటలో నుంచి, ఫ్లెక్సీ మీద నుంచి, పాత మినిట్స్‌లో నుంచి పేరు తీసేయమన్నారు. పద్నాలుగో నిబంధనలో 'తాకరాదు, చూడరాదు' పక్కన 'చెప్పరాదు' కూడా చేర్చారు. మా సూచిక ముప్ఫైకి పడిపోయింది.

ఎస్తేరు పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. "పోతే నా లెక్కే పోద్ది అక్కా, పలుకుది కాదు. నాక్కావల్సింది అంతే," అంది.

నిబంధన ప్రకారం పేరు నేనే కొట్టేశాను. కాని ఆనాటి వందన సమర్పణ పూర్తి కాలేదు. దోమల మందు దాకా చెప్పి, అసలు మనిషికి చెప్పలేదు. సగంలో వదిలిన పని నాకు నిద్ర పట్టనివ్వదు. అందుకని మీకు ఒక మనవి. మీ పక్కన ఎవరి ఫోనైనా బస్సు నంబరో, చిల్లర లెక్కో పైకి చదివితే, గంటి ఎస్తేరు, జగన్నాథపురం, అని ఒక్కసారి తలుచుకోండి. లేచి నమస్కారం పెట్టే పని ఆమె చూసుకుంటుంది.